ఎలీషా సార్ ఆకుపచ్చ గీత

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మా గదిలో సర్వర్ గొంతు మారుతుంది. పొద్దుటి నుంచి ఆ పెట్టెలో హోరుమని తిరిగిన చిన్న చిన్న ఫ్యాన్లు, పైన ఓపీ కౌంటర్ల దగ్గర రద్దీ తగ్గగానే ఒక్కసారిగా మెత్తబడతాయి. దాంతోపాటే వేడెక్కిన దుమ్ము వాసన ఒకటి గదంతా పరుచుకుంటుంది. నిన్న ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి దానంతట అదే టిఫిన్ డబ్బా వైపు వెళ్లింది. ఆకలై కాదు. పక్క కుర్చీలోంచి ఎవరో "తిను బిడ్డా, అందరు తింటుండ్రు" అన్నట్టనిపించింది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోక చాలా ఏళ్లయింది. నేనే దాని మీద పాత కేబుళ్లు పెట్టుకుంటాను. డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

ఎలీషా సార్‌ని మీరెవరూ చూసి ఉండరు. ఆయన పదహారేళ్లు పనిచేసిన ఈ కరీంనగర్ ఆసుపత్రిలోనే సగం మంది చూడలేదు. వాళ్లకు ఆయన ఒక ఫోన్ నంబరు. కంప్యూటర్ మొరాయిస్తే "పదిహేడుకు కొట్టు" అనేవాళ్లు. పదిహేడులో ఫోన్ ఎత్తే మనిషికి ముఖం ఉంటుందని, ఆయన రోజూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో వస్తారని, సుల్తానాబాద్ దగ్గరి పల్లెలో నాట్లు వేస్తూ పెరిగి మెథడిస్టు మిషన్ వాళ్ల బడిలో చదువుకున్నారని, భార్య పోయాక చర్చి వెనక ఒక్క గదిలో అద్దెకుంటున్నారని వాళ్లకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎవరికీ పడలేదు. మా గది మెట్ల కింద ఉంది. రోగులు, వాళ్ల చుట్టాలు మా నెత్తి మీదుగానే పైకి ఎక్కుతారు. మాకు చెప్పుల చప్పుడు వినిపిస్తుంది, మనుషులు కనిపించరు.

నేను మందమర్రి పిల్లను. బాపు, మా నాన్న, బొగ్గు బాయిలో గని పని చేసి, నడుము సహకరించక ముందుగానే ఇంటికి చేరాడు. డిప్లొమా కాగితం పట్టుకుని ఇక్కడ చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. లోకంలో నాకు తెలియనిది పెద్దగా ఏమీ లేదనే నమ్మకం కూడా ఉండేది. ఆ గది చూడగానే నీరుగారిపోయాను. ఒక సర్వర్, రెండు కుర్చీలు, ఒక బల్ల. పై అంతస్తుల కౌంటర్లలో ఉన్నవి వట్టి తెరలు, కీబోర్డులు మాత్రమే. వాటి పని మొత్తం మా పెట్టెలోనే జరిగేది. ఓపీ చీటీ కానీ, రక్తపరీక్ష రిపోర్టు కానీ, మందుల బిల్లు కానీ, ఎవరు ఏ మీట నొక్కినా బరువు పడేది దీని మీదే. సార్ తెర మీద కుడివైపు మూలన చిన్న విండో ఒకటి ఎప్పుడూ తెరిచి ఉండేది. నల్లటి అడుగు మీద ఆకుపచ్చ గీత. పెట్టె మీద ఎంత లోడ్ ఉందో చూపించే గ్రాఫ్ అది. దాని కింద మూడు అంకెలు. పొయ్యి మీద పెట్టిన పాలను చూసినట్టు ఆయన దాన్ని చూస్తూ ఉండేవారు.

మొదటి వారంలోనే నా తెలివి బయటపడింది. సార్ టీకి వెళ్లారు. గీత ఉన్నట్టుండి పైకి లేచి అక్కడే నిలబడిపోయింది. నడుస్తున్న పనుల జాబితా తెరిచి చూస్తే అన్నిటికంటే పైన ఒకటి బండలా కూర్చుని ఉంది. దాన్ని ఆపేశాను. గీత కిందికి దిగింది. సార్ రాగానే గొప్పగా చెప్పాను. ఆయన కుర్చీలో కూడా కూర్చోకుండా తెర వైపు వంగి, "దేన్ని ఆపినవ్ బిడ్డా?" అన్నారు.

"గదే అందరికంటే ఎక్కువ తింటుంది సార్."

"తినుడు చూసినవ్. పని చేస్తుందా లేదా చూసినవా?"

చూడలేదు. నేను ఆపింది ల్యాబ్‌లో పొద్దుటి నుంచి పోగైన రిపోర్టుల ప్రింటింగ్. సగంలో తెగిపోయింది. ఫోన్ మోగకముందే సార్ వెళ్లి తలుపు తీసి పట్టుకున్నారు. "మీదికి పో. నేనే ఆపిన అని చెప్పు. ఫోన్ల కాదు, ముందట నిలవడి చెప్పాలె."

ల్యాబ్ చూసుకునే సరళక్క పదిమంది ముందు నన్ను కడిగేసింది. తర్వాత స్టూలు ఒకటి జరిపి, రిపోర్టులు మళ్లీ తీయడానికి సాయం చేయమంది. సాయంత్రానికి ఆమె డబ్బాలోని అటుకులు నేను తింటున్నాను. చెప్పేస్తే ఇంత తొందరగా అయిపోతుందా అని ఆశ్చర్యపోయాను. సార్ నేర్పిన మొదటి పాఠం నాకు బాగానే వంటబట్టిందని ఆ రోజు అనుకున్నాను.

ఆ మూడు అంకెల సంగతి ఆయన తర్వాత చెప్పారు. మొదటిది గడిచిన ఒక్క నిమిషంలో ఎంత లోడ్ పడిందో చెబుతుంది, రెండోది అయిదు నిమిషాలది, మూడోది పావుగంటది. "మొదటిది చూసి పరేషాన్ కావద్దు. మనిషికి కోపమొచ్చినట్టు అది వస్తది, పోతది. మూడోది చూడు. గదే మనిషి గుణం" అన్నారు. నేను నవ్వాను. ఇప్పుడు మనుషుల్ని కూడా అట్లాగే చూస్తాననుకోండి, అది వేరే సంగతి.

నెమ్మదిగా నాకు ఇంకొకటి అర్థమైంది. ఆయన చూసేది పెట్టెను కాదు, పైనున్న మనుషుల్ని. గీత తొమ్మిదికి ముందే చిన్నగా ఒక గంతు వేస్తే, "ఫార్మసీ పిల్ల వచ్చింది. ఇయ్యాల బస్సు దొరికినట్టున్నది" అనేవారు. పదింటికి ఒకదాని వెనక ఒకటి మూడు మెట్లు లేస్తే ఓపీ మూడు కౌంటర్లూ తెరిచినట్టు. ఒక వారం పాటు ఫార్మసీ గంతు కనిపించలేదు. నాలుగో రోజు సార్ నన్ను పైకి పంపారు, ఏదో వైరు చూడమని సాకు చెప్పి. ఆ అమ్మాయికి జ్వరమని తెలుసుకుని వచ్చి చెప్తే తలాడించి ఊరుకున్నారు. మళ్లీ గంతు కనిపించిన పొద్దున ఆయన ముఖంలో వెలుగు చూశాను. ఆ అమ్మాయి పేరు ఆయనకు తెలుసు, ముఖం తెలియదు. పైకి వెళ్లి పలకరించవచ్చు కదా సార్ అంటే, "పోయి ఏమని చెప్పాలె? నీ గీత చూస్తున్న అని చెప్పాల్నా?" అన్నారు. నిజమే, వింటే భయపడతారు.

మధ్యాహ్నం భోజనం వేళకు గీత నేలకు దిగేది. అప్పుడే ఆయన డబ్బా మూత తీసేవారు. అంతకు ఒక్క నిమిషం ముందు తీయరు. పని లేని వేళ కదా అని సాకు చెప్పేవారు కానీ, అసలు సంగతి అది కాదు. ఒంటరిగా తినడం ఆయనకు చేతకాలేదు. ఆసుపత్రి అంతా తింటున్న వేళ, ఆ గీతను ఎదురుగా పెట్టుకుని, వాళ్లతో కూర్చున్నట్టు తినేవారు. "అందరు తింటుండ్రు, తిను బిడ్డా" అని నాకు చెప్పింది ఆ వేళల్లోనే. భార్య పోయిన ఇంట్లో రాత్రి అన్నం ఎట్లా తినేవారో నేనెప్పుడూ అడగలేదు.

నాలుగేళ్లు అట్లా గడిచాయి. ఆసుపత్రికి కొత్త భవనం చేరింది, కౌంటర్లు నలభై దాటాయి, పెట్టె మాత్రం అదే. పదిహేడు మోగుతూనే ఉండేది. "స్లో ఉంది, స్లో ఉంది" అని ప్రాణం తీసేవాళ్లు. ఆ రోజుల్లోనే సార్ కంట్లో శుక్లం ముదిరి, ఆపరేషన్ కోసం వారం సెలవు పెట్టారు. ఆ వారమంతా ఫోన్లు ఎత్తింది నేనొక్కదాన్నే. మూడో రోజుకు నాకు విసుగు పుట్టింది. ఒక ఉపాయం తోచింది. సార్ తెర మీద ఉన్న ఆ గ్రాఫ్‌నే ప్రతి కౌంటర్ తెర మీదా తెరిచి పెట్టాను. "గీత కిందున్నదా, పని చేసుకోండి. మీదికి పోయిందా, రెండు నిమిషాలు ఆగండి. నాకు ఫోన్ చేయకండి" అని చెప్పాను. అందరికీ అది తెగ నచ్చింది. ఓపీ పిల్లలయితే ఇంకా తొందరగా కదిలితే బాగుంటుందన్నారు. సెకనుకు రెండుసార్లు మారేట్టు పెట్టి చూపిస్తే, మాకంటే మాకని మిగతా కౌంటర్ల వాళ్లూ పెట్టించుకున్నారు. ఫోన్లు నిజంగానే తగ్గాయి. నా అంత తెలివైనది లేదనుకున్నాను.

ఆలోచించనిది ఒక్కటే. ఆ తెరలకు సొంత బుర్ర లేదు. ప్రతి గ్రాఫూ గీయాల్సింది మా పెట్టే. ఒక్కో గ్రాఫ్ తినేది కొంచెమే. నలభై కౌంటర్లు, సెకనుకు రెండుసార్లు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. లోడ్ ఎంత ఉందో చూడటమే పెద్ద లోడ్ అయి కూర్చుంది.

సార్ నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చారు. కొత్త కళ్లజోడు చేతికి రావడానికి నెలన్నర పడుతుందన్నారు. గీత లావుగా ఉంటుంది కాబట్టి కనిపించేది, జాబితాలోని చిన్న అక్షరాలు కనిపించేవి కావు. గీత దిగడం మానేసిందని మొదటి రోజే గమనించారు. "జర చదువు బిడ్డా, మీదికెళ్లి పది" అనేవారు. నేను పై పది పేర్లు చదివేదాన్ని. అన్నీ రోజూ ఉండేవే. కౌంటర్లలో గ్రాఫులు పెట్టిన సంగతి నేను చెప్పలేదు. దాచాలని కాదు, దానికీ దీనికీ సంబంధం ఉందని నాకు తట్టనేలేదు. ఆయన రోజంతా ఆలోచించి సాయంత్రం అన్నారు: "ఇది ఒక్క పెద్దది తినే తిండి కాదు. చీమలు తిన్నట్టు తింటున్నయ్. గా చీమలేవో నాకు దొరుకుతలేవు."

మధ్యాహ్నాలు గీత కిందికి దిగేది కాదు. ఆయన డబ్బా ముందు పెట్టుకుని చూసేవారు. రెండయ్యేది, మూడయ్యేది. "తినండి సార్" అంటే, "ఇంకా ఎవరు తింటలేరు గద" అనేవారు. చాలా రోజులు ఆ డబ్బా మూత తీయకుండానే చర్చి వెనక గదికి తిరిగి వెళ్లింది. పైన అందరూ శుభ్రంగా తింటూనే ఉన్నారు. ఆయనకే కనిపించలేదు.

కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నాయని మేనేజర్ రెండుసార్లు కిందికి దిగి వచ్చాడు. అతను మెట్ల కిందికి రావడం అదే మొదలు. రెండోసారి మర్యాదగానే అన్నాడు, "ఎలీషా గారూ, మీ వయసుకు ఈ కొత్త సిస్టమ్స్ కష్టమే. తప్పేం లేదు" అని. అతను వెళ్లాక సార్ నన్ను అడిగారు, "నిజమేనా బిడ్డా? నాకు సమజ్ అయితలేదా?" నేను అట్లాంటిదేం లేదన్నాను. అప్పటికి అది నిజాయితీగా చెప్పిన మాటే.

ఒక మంగళవారం సార్ కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు, ఊసుపోక జాబితాను పది పేర్ల దగ్గర ఆపకుండా కిందికి జరిపాను. వరుసగా ఒకే పేరు, ఆ గ్రాఫ్‌దే. వేలు పెట్టి లెక్కపెట్టాను. నలభై రెండు. ఒకటి సార్‌ది. నలభై ఒకటి నేను పెట్టినవి.

సార్ గంటలో తిరిగొచ్చారు. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో సాకుల్లేకుండా చెబుతాను. ఆ వారమే నా ఉద్యోగం పర్మినెంట్ చేసే కాగితం మేనేజర్ బల్ల మీద ఉంది. ఇంట్లో బాపు ఉన్నాడు, చెల్లెలి చదువుంది. అది ఒక కారణం. అంతకంటే పెద్దది, సార్ నన్ను చూసే చూపు. నేను పనిమంతురాలినని నమ్మిన మనిషి ఆయన ఒక్కరే. అందుకని ఎవరికీ తెలియకుండా సర్దేద్దామనుకున్నాను. పని నడుస్తుండగా తీసేస్తే కౌంటర్ల వాళ్లు గోల చేస్తారు కాబట్టి, ఓపీ ఉండని ఆదివారం అన్నీ ఒక్కసారే తీసేయాలని ముహూర్తం పెట్టుకున్నాను. అయిదు రోజులే కదా, ఆయనకేమవుతుందిలే అనుకున్నాను.

శనివారం సార్ మేనేజర్‌కు రాజీనామా కాగితం ఇచ్చేశారు. మేనేజర్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. సార్ కిందికొచ్చి తన డబ్బా, బైబిలు, గొడుగు సంచిలో పెట్టుకున్నారు. "నాకు గీ మిషిన్ ఇగ సమజ్ కాదు బిడ్డా. నువ్వు చూసుకో, ఫికర్ చేయకు" అన్నారు. నేను సంచి పట్టుకుని గేటు దాకా వెళ్లాను. ఆటో ఎక్కించాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆటో కదిలేదాకా నోరు తెరవలేదు.

ఆదివారం గ్రాఫులన్నీ తీసేశాను. సోమవారం పెట్టె గుర్రంలా పరుగెత్తింది. ఆసుపత్రంతా ఒకటే మాట: "పెద్దాయన పోయిండు, కంప్యూటర్ మంచిగయింది." మేనేజర్ నన్ను పిలిచి మెచ్చుకుని పర్మినెంట్ కాగితం చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు గీత నేలకు దిగింది. నేను డబ్బా తెరవలేకపోయాను.

ఆరేళ్లు గడిచాయి. ఆయన చెన్నూరులో అక్క ఇంటికి చేరారని తెలుసు. పండుగలకు ఫోన్ చేద్దామని నంబరు తీసి, మళ్లీ పెట్టేసేదాన్ని. తోటి ఉద్యోగి గృహప్రవేశానికి చెన్నూరు వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం తప్పించుకోలేకపోయాను. చర్చి పక్క సందులో పెంకుటిల్లు. సార్ అక్క రూతమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేనెవరినో చెప్పగానే సంతోషంగా లోపలికి రమ్మంది. తమ్ముడి సంగతులు ఆమే చెప్పుకొచ్చింది. "సెల్‌ఫోన్ సుత ముట్టడు బిడ్డా. చర్చిల పాటలు గోడ మీద చూపెడ్తరు గద, గా కంప్యూటర్ కాడ కూసొమ్మని పాస్టరయ్య ఎంత బతిలాడినా పోలే. నా నెత్తి పనిచేస్తలేదు, నేను చెడగొడ్త అంటడు. కరెంటు మీటర్ సుత పక్కింటోళ్లతోని చదివిపిస్తడు."

సార్ వెనకింట్లోంచి వచ్చారు. చిక్కిపోయారు. తెల్లచొక్కా మాత్రం ఇస్త్రీదే. నన్ను చూసి ఆయన నవ్వుతుంటే నేను నిలబడే చెప్పేశాను. మొదటి నుంచి, ఆటో దాకా. ఒక్క ముక్క వదల్లేదు.

ఆయన మంచం మీద కూర్చున్నారు. "ఎన్ని?" అన్నారు.

"నలభై ఒకటి సార్."

"ఎంత సేపుకొకసారి?"

"సెకనుకు రెండుసార్లు."

కళ్లు మూసుకుని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. తర్వాత ఆయన ముఖం విప్పారడం చూశాను. ఆ మాట ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. సంతోషపడ్డారు. "చీమలే" అన్నారు. "నేనన్న గద, చీమలే అని." వాకిట్లోకి కేకేశారు. "అక్కా, ఇన్నవా? నాకేం కాలేదట. నా నెత్తి మంచిగనే ఉండెనట."

రూతమ్మ చాట పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. ఆమెకు గ్రాఫులూ అవీ తెలియవు కానీ, అర్థం కావాల్సింది అర్థమైంది. చాట కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఆరేండ్లాయె. గిప్పుడు యాదికొచ్చిందా?" అంది.

"ఊకో అక్కా" అన్నారు సార్.

ఆయన తిడతారని, లేదంటే పోనీలే అంటారని, రెంటికీ సిద్ధపడి వచ్చాను. ఆయన రెండూ చేయలేదు. గూట్లోంచి నోటుబుక్కు, పెన్ను తీసి నా ముందు పెట్టారు. "గిదంతా రాసియ్యి. నోటితోని చెప్తే రేపు మళ్ల నాకే అనుమానమొస్తది, పాపమని నాకోసం అబద్ధం చెప్పినవేమోనని."

రాశాను. పొరపాటున నలభై ఒక్క తెరల మీద గ్రాఫ్ పెట్టాను, దానివల్లే సర్వర్ మీద లోడ్ పెరిగింది, పొరపాటున ఆ సంగతి ఎలీషా సార్‌కు చెప్పలేదు అని రాసి సంతకం పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. ఒకప్పుడు జాబితా చదివినట్టే, ఒక్కో వరుస కింద వేలు జరుపుతూ.

"మొదటిది సరే" అన్నారు. "పెట్టుడు పొరపాటే. ఎవరమైనా చేస్తం. రెండోది పొరపాటు కాదు గద బిడ్డా."

ఆయన గొంతులో కోపం లేదు. నేను రెండో చోట 'పొరపాటున' అన్న మాట కొట్టేశాను. ఇంకో కాగితం మీద సాఫుగా రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిలులో పెట్టుకున్నారు. కొట్టివేత ఉన్నదాన్ని నాకు తిరిగిచ్చి, "ఇది నీ దగ్గర పెట్టుకో" అన్నారు. రూతమ్మ చాయ్ ఇచ్చింది, తాగాను. బస్సు వేళకు సార్ వాకిలి దాకా వచ్చి ఆగిపోయారు. క్షమించానని ఆయన అనలేదు. అడిగే ముఖం నాకు లేదు.

మరుసటి ఏడాది ఆయన పోయారు. నాకు రెండు నెలల తర్వాత తెలిసింది. చివరి ఆదివారాల్లో చర్చిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని పాటలు చూపించారని రూతమ్మ ఫోన్‌లో చెప్పింది. కొట్టివేత ఉన్న ఆ కాగితం నా చేతి సంచి లోపలి అరలో ఉంటుంది. సంచులు మారుస్తాను, దాన్ని తీసి కొత్తదాంట్లో పెట్టుకుంటాను. మడతలు చిరుగుతున్నాయి. అప్పుడప్పుడు విప్పి చూస్తాను. ఆ రోజు ఆ రెండో 'పొరపాటున' మీద ఒక్కటే గీత గీశాను. కొట్టేసిన మాట ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.